మాట మీద తాకట్టు

నేను పుతియోలి రేవులో తెరచాపలు కుట్టేవాణ్ణి. ఒకప్పుడు బానిసను. నా యజమాని చనిపోయే ముందు విడుదల చేశాడు. నా భార్య థల్లూస మాత్రం నుమీసియస్ గారి అద్దకం కొట్లో బానిసగానే ఉండిపోయింది. తొమ్మిదేళ్లు కడుపు మాడ్చుకుని ఆమె విడుదలకు డబ్బు కట్టాం. నుమీసియస్ ఆమెను అధికారి ముందుకు తీసుకెళ్లి, ఇక స్వతంత్రురాలివని చెప్పి, ఆనవాయితీ ప్రకారం చెయ్యి పట్టుకుని వదిలేశాడు. మరుసటి ఏడు మాకు కూతురు పుట్టింది.

బిడ్డకు పళ్లు వస్తున్న రోజుల్లో, కాల్వియస్ అనే వడ్డీ వ్యాపారి ఇద్దరు మనుషులతో మా గుమ్మంలోకి వచ్చాడు.

"థల్లూస నువ్వేనా? పిల్లను తీసుకుని పద."

"ఆవిడ బానిస కాదు దొరా, విడుదలైంది" అన్నాను.

"ఎవడోయ్ విడుదల చేసింది? నుమీసియస్ నా దగ్గర పన్నెండు వందల వెండి దెనారీలు అప్పు తీసుకున్నాడు, తీర్చలేదు. కొట్టు, రంగు తొట్లు, ఈ మనిషి, ఈమెకు పుట్టేవాళ్లు, అన్నీ నాకు తాకట్టు. నువ్వు డబ్బు కట్టడానికి రెండేళ్ల ముందు రాసిన పత్రం ఇది."

"తాకట్టయితే మీ ఇంట్లో ఉండాలి కదా! మా పాత యజమాని కంచుగిన్నె కుదువ పెట్టినా స్వయంగా మోసుకెళ్లి ఇచ్చొచ్చేవాడు."

"ఆ రోజులు పోయాయి. ఇప్పుడు ఒప్పుకున్న మాట చాలు. వస్తువు అప్పు తీసుకున్నవాడి దగ్గరే ఉంటుంది, హక్కు నాది."

ఒక్క పూట గడువు అడుక్కుని నుమీసియస్ దగ్గరికి పరుగెత్తాం. ఖాళీ తొట్ల మధ్య కూర్చుని ఉన్నాడు.

"నువ్విచ్చిన డబ్బుతో అప్పు తీర్చేద్దామనే అనుకున్నానమ్మా. ముందు కాస్త లాభం వస్తుందని ఓడలో సరుకు వేశాను. అది మునిగింది."

"మీరే నా చెయ్యి వదిలారు కదయ్యా!" అంది థల్లూస.



చట్టం తెలిసిన పెద్దమనిషి ఒకాయన ఉంటే ఆయన్నీ అడిగాం. ఓపిగ్గా విన్నాడు. "పాపం, మీ తప్పేం లేదు. కానీ అప్పిచ్చినవాడు ఒప్పుకోకుండా తాకట్టులో ఉన్న మనిషిని విడుదల చేస్తే అది చెల్లదు" అన్నాడు. మా దగ్గర రుసుము కూడా తీసుకోలేదు.

ఇంట్లో ఉన్నదంతా ఊడ్చి, పనిముట్లు అమ్మి, మూడు వందల పది దెనారీలు కాల్వియస్ ముందు పోశాను. ఆయన మనుషులు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"పావు అప్పు తీరితే పావు మనిషిని వదలమంటావా? చివరి నాణెం ముట్టేదాకా మొత్తం నా కిందే ఉంటుంది. కాపువా పట్నంలో వీళ్లను కొనేవాడు దొరికాడు. ఆ డబ్బు తీసుకెళ్లు, నాకొద్దు."

తెల్లవారి బండి వచ్చింది. థల్లూస బిడ్డను చంకనెత్తుకుని నిలబడింది. కాల్వియస్ గుమాస్తా బానిసల లెక్క రాసే మైనపు పలకల జత తెరిచి, "పిల్ల పేరేంటి?" అని అడిగాడు.

థల్లూస పెదవి విప్పలేదు. రెండోసారి అడిగినా చెప్పలేదు.

చెప్పకపోతే వాళ్లే ఏదో ఒక పేరు రాసుకుంటారు. తర్వాత ఎక్కడ వెతకాలన్నా నాకు ఆనవాలు ఉండదు. అందుకని నేనే ముందుకొచ్చి, "హిలారా" అన్నాను.

థల్లూస నా వైపు ఒక్కసారి చూసింది. గుమాస్తా రాసుకున్నాడు.