ముక్కు మీద నొక్కులు

పాతికేళ్లుగా షాపులకి పేర్లు రాస్తున్న బోర్డు మేస్త్రీకి లోకంలో శత్రువు ఒక్కడే. కళ్లజోళ్ల షాపు నడిపే తోడల్లుడు. వాడు చేసిన పాపమేమీ లేదు. అత్తగారు కుర్చీ ముందు వాడికే వేస్తుంది, అంతే. అది చాలు.

మేస్త్రీ ఆదివారం ఆదివారం ఒక పంతులమ్మ దగ్గర ఆయిల్ పెయింటింగ్ నేర్చుకుంటున్నాడు. నెల తిరక్కుండా తోడల్లుడూ వచ్చి చేరాడు. పైగా అత్తగారు మెలిక పెట్టింది: "పంతులమ్మ ఎవరిది బాగుందంటే వాళ్లే నా బొమ్మ వెయ్యండి. ముందుగదిలో పెట్టుకుంటా."

పంతులమ్మది ఒకే పద్ధతి. ఏడాదికి ఒక్క బొమ్మ. ఇటలీ రినైసాన్స్ కాలపు మహాచిత్రకారుడొకడు ఐదొందల ఏళ్ల కిందట వేసిన స్త్రీ బొమ్మ అచ్చు ప్రతి ఎదుటి గోడకి కొట్టి ఉంటుంది. దాన్ని చూసి దించాలి. ముందు పల్చగా మట్టిరంగు, అది ఆరాక నీడలు, ఆపైన పొర మీద పొరగా ఒంటిరంగు.

తోడల్లుడు ముందు వరసలో, మేస్త్రీ వాడి వెనక. గోడ మీది ఆవిడ మేస్త్రీకి పొగమంచులో మనిషిలా కనిపించేది. కళ్లజోడు కావాలని తెలుసు. కానీ ఊళ్లో ఉన్నది ఒకే షాపు. వాడి ముందు గడ్డం ఎత్తి కూర్చోవడంకన్నా గుడ్డివాడై చావడం మేలు. ముందుకు జరుగుదామా అంటే వాడి పక్కన కూర్చోవాలి. దాంతో వాడి భుజం మీదుగా వాడి బొమ్మే చూసి వేస్తూ వచ్చాడు. 'కాపీ కాదు, సరిచూసుకుంటున్నా' అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

ఒక ఆదివారం తోడల్లుడు ముక్కుకి అటూ ఇటూ రెండు ఎర్రటి నొక్కులు పెట్టాడు. మేస్త్రీ కూడా పెట్టాడు. మరుసటి వారం బోర్డు పనుండి రాలేదు. ఆపై వారం వచ్చి చూస్తే తోడల్లుడి బొమ్మలో నొక్కులు లేవు! కడుపు చల్లబడింది. పైపొర వేస్తూ కప్పేసి, మళ్లీ పెట్టడం మర్చిపోయాడు వెర్రివెధవ. తనవి మాత్రం ఇంకాస్త దిద్దుకున్నాడు.

తీర్పు రోజు అత్తగారు, మేస్త్రీ పెళ్లాం కూడా వచ్చారు. పంతులమ్మ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి మేస్త్రీ బొమ్మ మీదికి వంగింది.

"ఈ నొక్కులేంటి మేస్త్రీగారూ?"

"ఉన్నవేనండీ. కొందరు వదిలేశారు. నేను వదల్లేదు."

పంతులమ్మకి నవ్వు ఆగలేదు. "అవి కళ్లజోడు నొక్కులండీ! రోజూ గిరాకీల ముక్కులు చూసి చూసి ఈయన ఈవిడక్కూడా పెట్టేశారు. మీరు రాని వారం నేనే తీయించాను."

"పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందట," అంది పెళ్లాం. "ఇక్కడ పులి చారలు చెరిపేసుకున్నా నక్కకి తెలీలేదు."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఎల్లుండి నుంచి బొమ్మకి కూర్చుంటా బాబూ," అంది తోడల్లుడితో.

అందరూ బయటికి కదిలాక తోడల్లుడు జేబులోంచి కళ్లజోడు తీశాడు. "అన్నయ్యా, తిట్టుకోకు. నువ్వు కళ్లు చికిలించడం చూసి నంబరు అంచనా వేశా. మూణ్నెల్లుగా మోస్తున్నా. ఇస్తే మొహాన కొడతావని భయం."

కొట్టాలనే ఉంది. కానీ వాడి బొమ్మలో తప్పులు వెతకాలన్న ఆశ అంతకన్నా పెద్దది. పెట్టుకున్నాడు. ముందు తోడల్లుడిదే చూశాడు. బాగుంది. ఒళ్లు మండిపోయింది. అప్పుడు గోడకేసి చూశాడు.

ఆవిడ చెంప కింద నెత్తురు పారుతున్నట్టుంది. కింది రెప్ప అంచున తడి. పెదవి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో గీత అన్నదే లేదు. మళ్లీ తోడల్లుడి బొమ్మకేసి చూస్తే అది ఉత్త షాపు బోర్డు. తనదీ బోర్డే. ఏడాదంతా తప్పు మనిషి మీద ఏడ్చానే, అనుకున్నాడు. ఎవడి మీద ఏడవాలో వాడి పని అక్కడ, గోడ మీద ఉంది.

తర్వాతి ఆదివారం తోడల్లుడు వచ్చేసరికి మేస్త్రీ ముందు వరసలో కూర్చుని కొత్త గుడ్డకి మట్టిరంగు పూస్తున్నాడు.

"అది నా చోటు అన్నయ్యా."

మేస్త్రీ కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు గానీ తల తిప్పలేదు.

"తెలుసు. వెనక కూర్చో."