వెదురు గడ పట్టిన చెయ్యి

లిలువా అనే ఈ బెంగాలీ ఊళ్ళో మా ఇంటికి ఫైబర్ నెట్ రాదు. మెయిన్ రోడ్డుకీ మాకూ మధ్య రైలు పట్టాలున్నాయి. వాటిని దాటించి తీగ లాగాలంటే రైల్వే అనుమతి కావాలి. పట్టాలకు ఇవతల ఉన్నవి పదకొండు ఇళ్ళే కనుక, ఆ అనుమతి కోసం తిరిగే ఓపిక ఏ కేబుల్ వాళ్ళకీ లేదు.

నేను భవానీపూర్‌లో ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను. ఆదివారం పొద్దున పదింటికి మాత్రం తెలుగు. న్యూ టౌన్‌లో ఉండే తెలుగు కుటుంబాల పిల్లలు తొమ్మిదిమంది. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదవడం రాదు. వాళ్ళకు కంప్యూటర్ ముందు కూర్చుని గంటసేపు చెప్పేదాన్ని. మా కంప్యూటర్‌కి నెట్ అంటే ఫోన్‌లోంచి వచ్చేదే. అది ఇంట్లో అందదు. వెనక వరండాలోంచి బయటికి చాపితే అందుతుంది. అందుకని నా భర్త గవరయ్య బట్టలారేసే వెదురు గడ చివర ఫోన్‌ను గుడ్డతో కట్టి, ఆ గంటసేపూ వరండాలో నిలబడి గడ చాపి పట్టుకునేవారు. నా వెనక కిటికీలో ఆయన చెయ్యి పిల్లలకు కనబడేది.

ఫిబ్రవరిలో ఆయన పోయారు. ఆదివారం క్లాసు అయింది. బుధవారం పక్షవాతం వచ్చింది. శుక్రవారానికి లేరు.

ఆ ఆదివారం డిక్టేషన్ చెబుతుండగా లైను తెగింది. తిరిగి చూస్తే గడ కిందికి వాలి ఉంది. "సరిగ్గా పట్టుకోలేరేటి? తొమ్మిదిమంది కూకున్నారు అక్కడ" అన్నాను. ఆయన గడ పైకెత్తారు. తర్వాత ఆస్పత్రిలో డాక్టరు అడిగాడు, ఈమధ్య చేతిలో పట్టు తప్పడం లాంటిది ఏమైనా గమనించారా అని. లేదన్నాను. అన్న తర్వాత గడ గుర్తొచ్చింది.

నాలుగు నెలలు వెనక వరండా తలుపు తీయలేదు. క్లాసు కూడా ఆపేశాను.

జూన్ మొదట్లో చిన్మయి తల్లి హైమ ఫోన్ చేసింది.

"టీచర్ గారూ, తొందర పెడుతున్నానని అనుకోకండి. పిల్లలు మర్చిపోతున్నారు. ఇద్దరు మానేస్తామంటున్నారు. ఈ ఆదివారమన్నా మొదలుపెడితే మిగతావాళ్ళు నిలుస్తారు."

"నెట్ లేదమ్మా."

"టవర్ నుంచి నేరుగా గాల్లో తీసుకునే డబ్బా వచ్చిందిగా, బయట గోడకి బిగిస్తారు. అక్కడ మీకు ఎవరూ తెలీదా?"

తెలుసు. యోగేశ్ మా వీధివాడే, నెట్ డబ్బాలు బిగించే దుకాణం ఉంది. మా ఆయన్ని మావ అనేవాడు. ముప్ఫయ్యేళ్ళుంటాయి. వాళ్ళ తాత శ్రీకాకుళం నుంచి ఇక్కడికి కార్ఖానా పనికి వచ్చాడు. శుక్రవారం సాయంత్రం నిచ్చెనతో, తెల్ల డబ్బాతో వచ్చాడు.

"దుకాణం పెట్టినప్పట్నుంచి సూస్తన్నాను, మీ ఇంటినుంచి పిలుపే రాదేటని" అన్నాడు. "ఆ గడకి మావ తప్ప ఇంకో స్టాండు దొరకదు. దానికి కరెంటు కూడా అక్కర్లేదు. టీ పోస్తే సాలు."

నేను నవ్వలేదు. వాడు నిచ్చెన గోడకు ఆనించి చాలాసేపు సర్దాడు.

ఫోన్‌లో సిగ్నల్ చూసుకుంటూ ఇల్లంతా తిరిగాడు. ముందు గది, వంటిల్లు, మెట్లు. ఎక్కడా నూటికి పదికి మించి రాలేదు. డాబా పైవాళ్ళది, వాళ్ళు ఒప్పుకోరు.

"ఎనక తలుపు తియ్యండి టీచరమ్మా."

గడియ తుప్పు పట్టింది. వాడే తీశాడు. గడ గోడకు ఆనించే ఉంది, చివర గుడ్డతో. యోగేశ్ కుడివైపు గోడ దగ్గర నిలబడి ఫోన్ ఎత్తాడు.

"తొంభై రెండు. మావకి కొలత తెలుసు. ఇక్కడే బిగిస్తాను." తర్వాత గోడ చూశాడు. "ఇదేటి, ఏవో గీతలున్నాయి? కొలతలా? తుడిసేనా?"

వాడికి తెలుగు చదవడం రాదు. లిలువాలో పుట్టినవాళ్ళు చాలామందికి రాదు. మా ఆయనకూ రాదు. ఆయన చదువు హిందీలో సాగింది, ఉద్యోగం కార్ఖానాలో రేకుల మీద సుద్దతో కొలతలు గీయడం. రిటైరైనా జేబులో సుద్దముక్క ఉండేది. రెండేళ్ళ కిందట ఒకసారి, "నాకూ నేర్పకూడదేటి?" అని అడిగారు. నేను పేపర్లు దిద్దుతున్నాను. "ఇప్పుడు నేర్చుకుని ఏటి చేస్తారు?" అన్నాను. మళ్ళీ అడగలేదు.

గోడ మీద ఉన్నవి అక్షరాలు. పైన చూరు ఉండటంతో వాన తగల్లేదు. అఆల దగ్గర మొదలై వరసలుగా కిందికి వచ్చాయి, నేను పిల్లలకు చెప్పిన వరసలోనే. అన్నీ వంకరగా ఉన్నాయి. కుడి చేతిలో గడ ఉంటుంది కనుక ఎడమ చేత్తో రాసి ఉండాలి.

చివరి వరస దగ్గర వంగి చూశాను. ఆ ఆదివారం నేను చెప్పిన నాలుగు మాటలు. పలక. బలపం. కలప. పడవ. దాని పక్కన మళ్ళీ పడవ.

లైను తెగింది నాలుగో మాట దగ్గర. గడ ఎత్తాక పిల్లలకోసం ఆ మాట మళ్ళీ చెప్పాను. ఆయన రెండుసార్లూ రాసుకున్నారు. మొదటిది రాస్తున్నప్పుడు చూపు గోడ మీద ఉంది. గడ అందుకే వాలింది, చేతిలో పట్టు తప్పి కాదు. రెండో పడవ మొదటిదానంత వంకరగానే ఉంది, అంతకన్నా ఎక్కువ కాదు.

ఎంతసేపు వంగి ఉన్నానో తెలియదు. యోగేశ్ డ్రిల్ కింద పెట్టాడు.

"టీచరమ్మా, ఏటయింది?"

"జానెడు పక్కకి జరపగలవా?"

జరిపి చూశాడు. "పన్నెండు. వాటర్ ట్యాంకు అడ్డం. పన్నెండుతో తొమ్మిది మొహాలు ఆగిపోతాయి, నాను సెప్తున్నాను." కొంచెం ఆగి, "అదేటి రాసుందో సెప్పండి, ఒగ్గేద్దాం అంటే ఒగ్గేస్తాను" అన్నాడు.

"మీ మావ ఇక్కడ చదువుకున్నారు" అన్నాను.

వాడు గోడ వైపు చూశాడు.

ఆయన అక్కడ నిలబడింది క్లాసు ఆగకూడదనే కదా. "తుడవకు. దానిమీదే బిగించు" అన్నాను.

నాలుగు కన్నాలు పడ్డాయి. ఒకటి బలపంలో పడింది. ఎర్రటి ఇటుక పొడి గచ్చు మీద రాలింది. పలక పూర్తిగా పోయింది. రెండు పడవలూ డబ్బా వెనక రేకు కిందికి వెళ్ళాయి. వాటికి ఏమీ కాలేదు. యోగేశ్ తీగ కిటికీలోంచి లోపలికి లాగి, వెళ్ళేముందు గడ చివర గుడ్డ విప్పి, మడిచి నా చేతికిచ్చాడు.

ఆదివారం పదింటికి ఏడుగురు వచ్చారు. ఏడు మొహాలూ స్పష్టంగా ఉన్నాయి. చిన్మయి నా వెనక్కి చూసింది.

"టీచర్, తాతగారి చెయ్యి లేదు."

హైమ గొంతు చిన్మయి వెనక నుంచి ఏదో అనబోయింది.

"లేదమ్మా" అన్నాను. "పుస్తకాలు తీయండి. డిక్టేషన్."

పడవ దగ్గర మొదలుపెట్టాను. ప్రతి మాటా రెండుసార్లు చెప్పి, ఎడమ చేత్తో రాసేంత సేపు ఆగాను. పిల్లలు ముందే రాసేసి తలలెత్తి చూస్తున్నారు. గంటలో లైను ఒక్కసారీ తెగలేదు.