ఇల్లరికం వీసా

తిరుపతిలో అద్దె ఇంటి ఓనరు మెట్లెక్కి వచ్చి "ఇల్లు ఖాళీ చేసేయండమ్మా" అన్న రోజునే పంకజాక్షికి మెయిలు కూడా వచ్చింది. భర్త వీసా కోసం పెట్టుకున్న దరఖాస్తు తిరిగొచ్చిందని దాని సారాంశం. దంపతులిద్దరూ చెప్పిన చిరునామాలో కలిసి ఉంటున్నట్టు నిర్ధారణ కాలేదట.

జరిగింది ఇదీ. విచారణకు వచ్చిన పోలీసులు ముందు కింది వాటాలో ఉన్న ఓనరును అడిగారు. విదేశీయుడికి ఇల్లిస్తే స్టేషనుకు తెలియజేయాలన్న సంగతి ఆయనకు అప్పుడే తెలిసింది. బెదిరిపోయి, "నేను ఇచ్చింది ఆ అమ్మాయికే. ఆయనెవరో నాకు తెలీదు సార్" అనేశాడు. ఆర్నెల్లుగా రోజూ మెట్ల దగ్గర తనకు వంగి నమస్కారం పెట్టే మనిషిని ఒక్క మాటతో లేకుండా చేసేశాడు.

ఆ మనిషి పేరు ఫాన్ వాన్ హై. వియత్నాం దక్షిణాన ఒక వరి పల్లెలో పుట్టినవాడు. రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి వచ్చాడు. అక్కడే క్వాలిటీ సెక్షన్లో పంకజాక్షి సూపర్వైజరు. అతను బిగించిన యంత్రం ఇచ్చే సరుకును ఆమె తప్పు పట్టేది. అతను మళ్ళీ బిగించేవాడు. ఇద్దరికీ సగం సగం వచ్చిన ఇంగ్లీషులో మొదలైన పోట్లాట, క్యాంటీనులో అతను నేర్చుకున్న తెలుగులోకి మారేసరికి పెళ్ళి మాటగా మారింది. తిరుపతి రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళయింది. ఇప్పుడు యంత్రాల పని ముగిసింది. పని కోసం ఇచ్చిన వీసా నెలాఖరుకు అయిపోతోంది. భార్య భారతీయురాలు కాబట్టి ఎంట్రీ వీసాకు మార్చుకోవచ్చు. మార్పు కుదరకపోతే దేశం విడిచి వెళ్ళాలి.

"పోయి ఆడ నుంచి అప్లై చేస్తా పంకజా," అన్నాడు హై ఆ సాయంత్రం. "ఎన్ని నెలలైనా మళ్ళీ వస్తా."

"నువ్వు వస్తావని నాకు తెలుసు. కానీ 'పొయినాడు సూడు, ఇంక రాడు' అనేవాళ్ళకు ఆ నెలలన్నీ నేను జవాబు సెప్పుకోవాల," అంది పంకజాక్షి. "ఈన్నుంచి కదిలేది లేదు. రేపు మా ఊరికి పోతా."

మా ఊరు అని అనేసింది గానీ, పెళ్ళయినప్పటి నుంచి ఆమె ఆ ఊరి గడప తొక్కలేదు. చంద్రగిరి కోటకు ఆవల, నాలుగు వీధుల పల్లె అది. తండ్రి మునిచంద్ర పెళ్ళికి రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు. తల్లి దేవకమ్మ మాత్రం ఆయన పొలానికి వెళ్ళిన సమయం చూసి మాట్లాడేది.

పంకజాక్షి వెళ్ళేసరికి మునిచంద్ర పశువుల కొట్టం ముందు తాడు పేనుతున్నాడు. కూతుర్ని చూసి కూడా చెయ్యి ఆపలేదు.

"నాయనా," అంది.

"ఊఁ."

"ఒక సంతకం కావాల. ఆయనా నేనూ ఈ ఇంట్లో ఉంటామని."

"సంతకాలన్నీ మీరే చేసుకుంటిరి గదా. ఇంక నాదెందుకు?"

ఆమె నిలబడే ఉంది. తాడు రెండు మూరలు పెరిగాక ఆయనే మళ్ళీ నోరు విప్పాడు.

"ఆ ఆఫీసు గోడకు నోటీసు అంటించినారంట. పంకజాక్షి, మునిచంద్ర కూతురు, ఫలానా వాణ్ణి చేసుకుంటా ఉండాది, ఎవురికైనా అభ్యంతరముంటే సెప్పండి అని. నేను చంద్రగిరిలో టీ తాగతా ఉంటే ఎవడో వచ్చి, 'ఏమప్పా, నీ బిడ్డకు పెండ్లంట గదా, నోటీసు సదివినా' అన్నాడు. నా బిడ్డ పెండ్లి నాకు గోడ సెప్పల్నా?"

పరాయి దేశం వాడనీ, కులం కాదనీ, ఊరు నవ్విందనీ ఆయన అంటాడని పంకజాక్షి దారంతా జవాబులు కూడబెట్టుకుని వచ్చింది. ఈ మాట మాత్రం ఆమె అనుకోనిది.

"తప్పే నాయనా. నువ్వు వద్దంటావని భయపడినాను."

"వద్దనేవాణ్ణే. అయినా నాకు సెప్పి వద్దనిపించుకోవాల గదా." తాడు పక్కన పడేశాడు. "ఇల్లు నా పేరుతో లేదు. మీ అమ్మకు పుట్టింటోళ్ళు ఇచ్చిన స్థలం. ఆయమ్మనే అడుగు."

అడగనక్కర లేకపోయింది. దేవకమ్మ తలుపు వెనకే ఉంది. చేతికంటిన పిండి కొంగుకు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"ఎప్పుడొస్తారు మీరు?"

"ఏందమ్మా?"

"నువ్వూ అల్లుడూ. ఇల్లు నాది. నా అల్లుడు నా ఇంట్లో ఉంటాడు. యాడ పెట్టాలో సూపీ సంతకం."

మునిచంద్ర భార్య వైపు ఒకసారి చూసి, కండువా దులుపుకుని పొలానికి వెళ్ళిపోయాడు. కాదని మాత్రం అనలేదు.

మరుసటి రోజు హై సామానుతో దిగగానే దేవకమ్మ చంద్రగిరి స్టేషనుకు వెళ్ళింది. అంత వరకూ ఆమె పోలీసు స్టేషను మెట్లెక్కి ఎరగదు. "మా అల్లుడు విదేశస్తుడు, మా ఇంట్లో ఉండాడు, రాసుకోండి" అని రాయించి, రసీదు తీసుకునే దాకా కుర్చీ వదల్లేదు. పంకజాక్షి కొత్త చిరునామాతో, అన్ని కాగితాలతో మళ్ళీ దరఖాస్తు పెట్టింది. దాని సంగతి తేలే దాకా హై ఉండొచ్చు. ఈసారి కాదంటే మాత్రం ఇంకో దారి లేదు.

మొదటి వారం మామా అల్లుళ్ళ మధ్య మాట లేదు. హై పాస్‌పోర్టును పంకజాక్షి అరుగు మీద పెట్టి కాగితాలు సర్దుతుంటే, మునిచంద్ర దాన్ని తీసి తిప్పి చూశాడు.

"ఫాన్ అంటే ఏంది? ఇంతకీ పేరు హై గదా?" అన్నాడు, గాల్లోకి అడిగినట్టు.

"ఇంటిపేరు మామా. మా ఊర్లో ఇంటిపేరు ముందు," అన్నాడు హై.

"మాకూ అంతే," అన్నాడు మునిచంద్ర. పాస్‌పోర్టు జాగ్రత్తగా ఉన్నచోటే పెట్టాడు.

ఊళ్ళో మాత్రం హైకి 'ఇల్లరికం అల్లుడు' అని పేరు పడిపోయింది. దాని అర్థం అడిగి తెలుసుకుని అతను నవ్వాడు. "మా ఊర్లో గూడా ఉండాది ఈ మాట. ఆడ గూడా నవ్వతారు."

ఆ నెలలోనే నాట్లు పడ్డాయి. ఎదురింటి వరదమ్మ నాట్ల ముఠా మునిచంద్ర మడిలోకి దిగింది. గట్టు మీద కూర్చున్న హై ఉన్నట్టుండి ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి బురదలోకి దిగాడు. ఆడవాళ్ళు పక్కున నవ్వారు.

"ఏమబ్బా, మగోడు నాట్లేసేది యాడన్నా ఉండాదా?" అని అరిచింది వరదమ్మ.

"మా అమ్మ నేర్పించింది అక్కా," అంటూ అతను నారు కట్ట విప్పాడు. వరదమ్మ వరసకు ఎక్కడా వెనకబడలేదు. మునిచంద్ర సిగ్గుతో కాసేపు తల తిప్పుకున్నాడు. సాయంత్రం అందరూ వెళ్ళాక గట్టు మీద నిలబడి ఆ సాళ్ళు చూసి, "ఎల్లుండి కింద మడిలో నీళ్ళు పెడతా. వాణ్ణి గూడా రమ్మను," అన్నాడు కూతురితో.

పోలీసు విచారణ వచ్చింది మంచి ఎండలో. విచారణాధికారి ప్రేమానందం, ఆయన వెంట ఒక కానిస్టేబులు. ప్రేమానందం కటువైన మనిషి కాదు గానీ, అడిగిందే మరోలా మళ్ళీ అడిగే రకం. హైని ఒక గదిలో, పంకజాక్షిని ఇంకో గదిలో కూర్చోబెట్టి మాట్లాడాడు. మీ ఆయన రాత్రి ఏం తిన్నాడు? దేవకమ్మగారు ఏ మందులు వాడతారు? మీరు ఆఖరిసారి దేనికి పోట్లాడుకున్నారు?

"ఫ్యాన్ స్పీడుకు సార్," అంది పంకజాక్షి. ఆయన రాసుకున్నాడు. పక్క గదిలో హై కూడా అదే చెప్పాడని ఆయన ముఖం చూసి పోల్చుకుంది.

తర్వాత ఆయన వీధిలోకి వెళ్ళి వరదమ్మను పిలిచాడు. "ఆ అబ్బాయి ఈడే ఉంటాడామ్మా?"

"ఉండకేం సార్! మా ముఠాలో నాట్లు గూడా ఏస్తాడు."

పంకజాక్షి గబగబా గుమ్మంలోకి వచ్చింది. ప్రేమానందం కలం ఆగింది. వచ్చిన పని ముగిసిన విదేశీయుడు అనుమతి లేకుండా మరో పని చేస్తున్నాడంటే అది వేరే కేసు.

"కూలికి పోతాడా అయితే?"

"కూలా?" వరదమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "మామ మడిలో నాటేసిన అల్లుడికి కూలి ఎవురిస్తారు సార్? మీరు మీ మామ ఇంట్లో చెంబెడు నీళ్ళు తోడితే డబ్బులడుగుతారా?"

కానిస్టేబులు మొహం పక్కకు తిప్పుకున్నాడు. ప్రేమానందం రాసిన మాట మీద గీత కొట్టాడు.

చివరికి మునిచంద్ర వంతు వచ్చింది. పంకజాక్షి గుమ్మం పట్టుకుని నిలబడింది. ఈ ఇంట్లో అల్లుడు ఉండడానికి ఆయన ఒప్పుకున్నట్టు ఒక్క మాటైనా ఇంతవరకూ ఆయన నోట ఆమె వినలేదు.

"పెద్దాయనా, ఈ పెండ్లి నీకు ఇష్టం లేదని ఊర్లో అంటా ఉండారు. నిజమేనా?"

"నిజమే."

దేవకమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అయితే సూటిగా అడుగుతా. వీసా కోసరం చేసుకున్న పెండ్లి అని నీకు అనుమానం ఉండాదా?"

మునిచంద్ర అల్లుడి వైపు చూశాడు. హై చేతులు కట్టుకుని దూరంగా, ఎండలోనే నిలబడి ఉన్నాడు.

"సార్, మన పిల్లోళ్ళు వీసా కోసరం యాడాడికో పోతా ఉండారు. ఈడు ఈడికి వచ్చినాడు. ఈడ ఏముండాదని సార్, వీసా కోసరం వచ్చేదానికి? ఎండ ఉండాది. కరెంటు పోతా ఉంటాది. పైన నేను ఉండాను. నా కొట్టంలో కూసోని, నేను పలకరించకపోయినా పొద్దన్నే 'మామా' అని పిలిచి నాకు కాఫీ తెచ్చిస్తాడు. ఏ వీసాకు సార్ ఇంత కష్టం?" ఆయన గొంతు గట్టిపడింది. "నాకు ఇష్టం లేనిది సెప్పకుండా పెండ్లి చేసుకోవడం. అల్లుడు కాదు. రాసుకోండి: ఈడు మా ఇంటోడు. మునిచంద్ర సెప్పినాడని రాసుకోండి."

ప్రేమానందం రాసుకున్నాడు. కలం మూసి, "అమ్మా, ఏమన్నా సల్లంగా ఉండాదా తాగేదానికి?" అని దేవకమ్మను అడిగాడు. దేవకమ్మ మజ్జిగ తెచ్చేసరికి పంకజాక్షి గుమ్మం దగ్గరే కూలబడి ఏడుస్తోంది. హైకి ఏమైందో అర్థం కాక, "పంకజా, కాదన్నారా? కాదన్నారా?" అని పరిగెత్తుకుంటూ వచ్చాడు. "లేదు, మా నాయన అవునన్నాడు," అంది ఆమె.

వీసా మారి, హై ఇక్కడే ఉండొచ్చన్న పర్మిట్ మెయిలులో వచ్చిన రోజు ఇంట్లో ఎవరూ పని చేయలేదు. దేవకమ్మ వడలు వండింది. వరదమ్మ ముఠా అంతా వచ్చి తిని వెళ్ళింది. మునిచంద్ర ఆ కాగితం రెండు నకళ్ళు తీయించి, ఒకటి బీరువాలో, ఒకటి చొక్కా జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగాడు. చదవమని ఎవరికీ ఇవ్వలేదు. మడత విప్పి అల్లుడి ఫోటో చూపించి, మళ్ళీ మడిచేవాడు.

ఆ వేసవిలో పంకజాక్షీ హై కలిసి వియత్నాం వెళ్ళారు. హై తల్లి కోడలికి తమ పొలమంతా తిప్పి చూపించింది. ఇద్దరికీ ఒక్క మాట కలవకపోయినా సాయంత్రానికి ఒకే కంచంలో తిన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు చెన్నై విమానాశ్రయంలో రెండు వరసలు. భారతీయులది ఒకటి, విదేశీయులది ఇంకొకటి. పంకజాక్షి ముందే బయటపడి, గీతకు ఇవతల నిలబడి అతని వంతు కోసం చూస్తోంది. కౌంటరులో అధికారి పాస్‌పోర్టు తిప్పాడు, పర్మిట్ చూశాడు, కంప్యూటరులో ఏదో వెతికాడు. ఏదో అడిగాడు. హై చెయ్యెత్తి పంకజాక్షిని చూపించాడు. అధికారి ఆమె వైపు చూశాడు. ఆమె తనకు తెలియకుండానే పెళ్ళికూతురిలా నిటారుగా నిలబడింది.

ముద్ర పడిన చప్పుడు ఆమెకు అక్కడి దాకా వినిపించింది.

హై సంచి భుజాన వేసుకుని, అటూ ఇటూ చూడకుండా నడిచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. బయట మునిచంద్ర బాడుగ కారులో వచ్చి, కటకటాల దగ్గర జనాన్ని తోసుకుంటూ, "మా అల్లుడు వస్తా ఉండాడు, జరగండబ్బా!" అని అరుస్తున్నాడు. చెన్నై జనానికి ఆయన తెలుగు అర్థమైందో లేదో గానీ, దారి మాత్రం ఇచ్చారు.