మరిగినా చావని తేట

కుందేలు రక్తం నుంచి తీసిన ద్రవాన్ని నాళికల్లో పోస్తూ మెనాషే ఓరకంట నూరిత్ చేతులనే కనిపెడుతున్నాడు. హైఫా కొండమీది ఆ ప్రయోగశాలలో అతను ముసలి సహాయకుడు. ఆమె కొత్తగా చేరిన పరిశోధకురాలు. రసాయనాలకు పసుపెక్కిన గోళ్ళు, వంగిన వీపు, ఎండాకాలంలోనూ మెడదాకా బిగించిన గుండీలు, ఇదీ మెనాషే.

ఈ అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు. చిన్నప్పుడు బుకారెస్టులో పక్కింటివాడు తండ్రి మీద ఎవరితోనో ఒక మాట అన్నాడు. మర్నాడు పోలీసులు వచ్చి తండ్రిని పట్టుకుపోయారు. ఆయన మళ్ళీ రాలేదు. అప్పట్నుంచి మెనాషే తన నీడను కూడా నమ్మడు. పెళ్ళీ చేసుకోలేదు. ఇంట్లో ఒంటరిగా ఉంటూ కూడా పాలసీసా మీద గీత గీసి పెట్టుకుంటాడు.

నూరిత్ చెప్పేది మరీ వింత. ద్రవాన్ని సలసలా మరిగిస్తే ప్రోటీన్లు విరిగి బురదలా అడుగున పడతాయి. పైన తేరిన తేట మాత్రం చావదట. అది కలపకపోతే పాడైన ప్రోటీన్లు ముక్కలు కావట!

"ఉడకబెట్టిన గుడ్డులోంచి పిల్ల వస్తుందా అమ్మాయ్?"

"ఇక్కడ వస్తోంది మరి! ఆ తేటలో ఏదో చిన్నది ఉంది మెనాషే గారూ. అది పోయి పనికిరాని ప్రోటీన్‌కి అంటుకుంటుందని నా ఊహ. అంటుకుందా, ఇక దాన్ని కణం ముక్కలు చేసి పారేస్తుంది."

"విచారణ లేకుండానే?"

"పనికిరాదన్న గుర్తు పడ్డాక ఇంకా విచారణేంటండీ!" అని పకపకా నవ్వింది.

ఆ నవ్వు అతనికి నచ్చలేదు. మరిగించని ద్రవం చాటుగా కలుపుతోంది, సందేహమే లేదు. కాఫీ వేళకు ప్రొఫెసర్ గదిలోకి వెళ్ళి తలుపు వేశాడు.

"ఆ పిల్ల కల్తీ చేస్తోందండీ. కళ్ళారా చూశాను."

చూడలేదు. చూసినంత నమ్మకం, అంతే. నూరిత్‌ని వచ్చే ఏడాదికి ఉంచాలా వద్దా అన్నది ఆ రోజే తేల్చాలి. ప్రొఫెసర్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం ఆమెకు పిలుపొచ్చింది. గది ఖాళీ కాగానే మెనాషే రుజువు కోసం తనే ప్రయోగానికి దిగాడు. మరొకరి చెయ్యి పడనివ్వలేదు. కసిగా, కావలసినదానికన్నా ఎక్కువసేపే మరిగించాడు. తేట కలిపిన నాళికలనూ కలపనివాటినీ తీసుకుని పక్కగదిలోని యంత్రం దగ్గర కూర్చున్నాడు. సాయంత్రానికి అంకెలు వచ్చాయి. తేట లేనిచోట ప్రోటీన్ చెక్కుచెదరలేదు. తేట ఉన్నచోట ముక్కలైపోయింది.

యంత్రాన్ని అనుమానించాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అవే అంకెలు.

ఆయాసపడుతూ ప్రొఫెసర్ గదికి పరుగెత్తాడు. "అయ్యా, ఆ అమ్మాయి చెప్పింది నిజం! నేనేమీ చూడలేదు. అబద్ధమాడాను."

"ఇప్పుడా చెప్పేది?" ప్రొఫెసర్ మొహం పాలిపోయింది. "ఇన్నేళ్ళ మనిషివని నీ మాట నమ్మాను. దొంగ అంటే పడి ఉండనని, సామాను సర్దుకుని ఇప్పుడే తాళంచెవి ఇచ్చేసి వెళ్ళిపోయింది. నీ పేరు మాత్రం నేను ఆమెకు చెప్పలేదులే."

మెనాషే మెట్లు దిగి బస్సు ఆగేచోటుదాకా ఉరికాడు. బస్సు అప్పటికే కొండమలుపు తిరిగింది. ఛీ, ఆ పక్కింటివాడికీ నాకూ తేడా ఏముంది, అనుకుంటూ కాళ్ళీడ్చుకుంటూ వెనక్కి వచ్చాడు.

ఆమె బల్ల ఖాళీగా ఉంది. అతని బల్లమీద తెల్ల కాగితంలో, ఆమె అతని కోసం గింజలు కూడా తీసిపెట్టిన సగం నారింజపండు ఉంది.