వీసా మీద కాంతమ్మగారి ప్రార్థన

రాజోలు చుట్టుపక్కల ప్రార్థన చేయడంలో కాంతమ్మగారిని మించినవాళ్లు లేరు. పరీక్షలకు వెళ్లే పిల్లలకు, కువైట్ వెళ్లే ఆడవాళ్లకు, పురిటికి పుట్టింటికొచ్చిన కూతుళ్లకు, అందరికీ ఆవిడ ప్రార్థనే కావాలి. కళ్లు మూసుకుని ఒక్కసారి "నాయనా" అందంటే దేవుడు చేతిలో పని పక్కన పెట్టి వినాల్సిందే. పక్షవాతమొచ్చి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి గానీ, నోరు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ కాంతమ్మను మంచం దింపి కుర్చీలోకి, కుర్చీలోంచి వాకిట్లోకి తెచ్చింది ఝాన్సీ. స్కూటీ మీద ఇంటింటికీ తిరిగి వైద్యం చేసే ఫిజియోథెరపిస్టు. ఝాన్సీ పక్కనుంటే కాంతమ్మకు అడుగు పడుతుంది, లేకపోతే లేదు. అలాంటి పిల్లకి మస్కట్ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిందని, ఇక వీసా రావడమే తరువాయి అన్న సంగతి, వీడ్కోలు కూటానికి పిలవడానికి వచ్చిన ఝాన్సీ తల్లి సువార్తమ్మ చెబితే గానీ కాంతమ్మకు తెలియలేదు.

కూటంలో పాస్టరు ఆనందరావుగారు ఏమీ ఎరక్క, "మన కాంతమ్మగారు ప్రార్థిస్తారు" అన్నారు. ఆవిడ కుర్చీలోనే కళ్లు మూసుకుంది.

"నాయనా, ఈ బిడ్డ చేతిలో గుణం పెట్టినందుకు స్తోత్రం."

"ఆమేన్" అన్నారందరూ.

"మంచి ఉద్యోగం చూపించినందుకు స్తోత్రం."

"ఆమేన్."

"నేను నా కాళ్ల మీద నడిచేదాకా ఆ వీసా నీ దగ్గరే ఆపు తండ్రీ."

"ఆమేన్" అన్నారందరూ. అలవాటు ఎంత పాడుదో చూడండి. అందరికంటే గట్టిగా అన్నది సువార్తమ్మే, బిర్యానీ గిన్నె మీద మూత సర్దుతూ. దేనికి ఆమేన్ అన్నారో జనానికి బిర్యానీ సగంలో ఉండగా గుర్తొచ్చింది. అప్పటికి అర్జీ పైకి వెళ్లిపోయింది.

ఆ వారంలోనే ఏజెంటు ఫోన్ చేశాడు. వీసా ఎక్కడో ఆగిందట, ఎప్పుడొస్తుందో చెప్పలేడట. సువార్తమ్మ కొంగు బిగించి కాంతమ్మ ఇంటికి బయల్దేరింది.

"వదినగారూ, ఆ ప్రార్థనేదో వెనక్కి తీసుకోండి."

"నేనొక్కదాన్నే చేసేనా అండీ? కూటమంతా ఆమేన్ అన్నారు. మీరూ అన్నారు."

"నేను అలవాటులో అన్నానండి."

"అలవాటులో అన్నదేదో, మనసులో అన్నదేదో ఆయనే చూసుకుంటాడు లెండి. నన్నేం చెయ్యమంటారు?"

సువార్తమ్మ చరచరా ఇంటికొచ్చి పోటీగా ఉపవాసం మొదలుపెట్టింది. ఊరు రెండు జట్లయింది. పాలు పోయించుకునే దగ్గర కూడా "ఎవరిది పైచెయ్యండీ?" అని అడుగుతున్నారు. ఝాన్సీ పడీపడీ నవ్వింది. ఒమానువాళ్ల వీసా రాజోల్లో కుర్చీలో కూర్చుని ఆపగలరా ఎవరైనా?

మర్నాడు వ్యాయామం చేయించడానికి వెళ్తే ఆ నవ్వు కాస్తా ఆరిపోయింది. కాంతమ్మ చెయ్యి ఇవ్వలేదు.

"ఒక్కమాట చెప్పు పిల్లా. మొదటిరోజు నన్ను లేపినప్పటికే నీకా ఉద్యోగం ఖాయమైపోయిందా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "ఆయ్, అత్తయ్యగారూ" అంది ఝాన్సీ చివరికి.

"చెప్పలేదేం మరి?"

"చెబితే మీరసలు మంచం దిగరని భయపడ్డానండి."

"నేనుండగా మీకేం భయమండీ అన్నావు. నిజమేననుకున్నాను నేను."

ఝాన్సీకి తల కొట్టేసినట్టయింది. మస్కట్ వాళ్లు ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది: వైద్యం సగంలో ఉండగా మీరు వెళ్లిపోవాల్సి వస్తే ఏం చేస్తారు? పేషెంటుకి ముందే చెబుతానని, ఇంట్లోవాళ్లకు నేర్పిస్తానని, మరొకరికి అప్పజెప్పిగానీ కదలనని గడగడా చెప్పింది. వాళ్లు తలలూపి మెచ్చుకున్నారు. ఆ జవాబు చెప్పి ఉద్యోగం తెచ్చుకుని, ఇక్కడికొచ్చి నోరు మూసుకుంది. సముద్రం అవతల ముక్కూ మొహం తెలియనివాళ్లకు ఇస్తానన్న మర్యాద, చిన్నప్పుడు తనకి జడలేసిన మనిషికి ఇవ్వలేకపోయింది. సిగ్గేసింది.

"తప్పు చేసేనండి. మీ అంతట మీరు నడిచేలా చూడాల్సింది పోయి, నేనుంటేనే నడిచేలా చేసేశాను. రేపట్నుంచి మావయ్యగారు పట్టుకుంటారు."

"ఎవరూ, ఈయనా?" అంది కాంతమ్మ. పక్షవాతం వచ్చిననాడు కూడా ఆవిడ అంత కంగారుపడలేదు.

ఆవిడ భర్త సాలమోను జీవితమంతా కొబ్బరికాయలు వలిచిన మనిషి. పెళ్లయిన దగ్గర్నుంచీ నలుగురిలో భార్య చెయ్యి ముట్టుకున్న పాపాన పోలేదు. గుడికైనా సంతకైనా ఆయన అల్లంత ముందు, ఆవిడ వెనక. ఆ అలవాటుకొద్దీ మొదటిరోజు ముందుకెళ్లి నిలబడి, పడిపోయిన చేతినే పట్టుకుని లాగాడు.

"మావయ్యగారూ, కొబ్బరికాయ కాదండి, భుజం జారిపోద్ది. ఎడంపక్కకి రండి. అరడుగు వెనక. ఆవిడ నడుముకు కట్టిన పటకా పట్టుకోండి."

"మగాణ్ణి, పెళ్లాం వెనకాల నడవనా?"

"మందండి అది. కొంచెం చేదుగానే ఉంటుంది."

దడి మీంచి అమ్మలక్కలు తొంగిచూశారు. ఎవరో కిసుక్కుమన్నారు. కాంతమ్మ సిగ్గుతో నవ్వేసరికి కాలు మడతపడింది. సాలమోను పటకా వదల్లేదు. ఝాన్సీ మాత్రం పరుగెత్తి పట్టుకోకుండా చేతులు కట్టుకుని కూర్చోవడానికి నానా యాతన పడింది. అప్పట్నుంచీ రోజూ అదే తంతు. ఆయన తిట్టేవాడు, ఆవిడ తిట్టేది, తిట్టుకుంటూనే వాకిలి దాటి వీధిలోకొచ్చారు. అయినా ఝాన్సీ కనబడితే చాలు, కాంతమ్మ అడుగు ఆపేసి ఆ పిల్లకేసి చెయ్యి చాచేది. ఆ చెయ్యి చూస్తే ఝాన్సీకి ప్రాణం ఉసూరుమనేది. ఈవిడ నడవదు, నేను వెళ్లకూడదు అనుకునేది.

ఉన్నట్టుండి వీసా వచ్చింది. సువార్తమ్మ తన ఉపవాస మహిమేనని ఊరంతా చాటింది. అమలాపురంలో ఉండే తోటి ఫిజియో సాయిదుర్గను తీసుకొచ్చి, ఏం చేయించాలో ఎదురుగా చూపించి అప్పజెప్పింది ఝాన్సీ. కాంతమ్మ ఝాన్సీకేసి చూడకుండానే తలూపింది.

ప్రయాణం రోజు పొద్దున్నే, చెప్పి వెళ్దామని కాంతమ్మ ఇంటికెళ్తే తలుపు గొళ్లెం పెట్టి ఉంది. కోపం తీరలేదేమో, కావాలనే ఎటో వెళ్లిపోయారేమో అనుకుని ఝాన్సీ బరువుగా కారెక్కింది. కాలవ వంతెన దగ్గరకు రాగానే "ఆపండి" అంది.

గట్టు మీద కాంతమ్మ నడిచొస్తోంది. మొహమంతా చెమట. సాలమోను పటకా మీద చెయ్యి ఊరికే ఆనించి వెనకే వస్తున్నాడు. ఝాన్సీ కారు దిగి, ఏడుపూ నవ్వూ ఒక్కసారే ముంచుకొస్తుంటే రెండు చేతులూ చాచి ఎదురెళ్లింది.

కాంతమ్మ చెయ్యి చాచలేదు. ఆగనూ లేదు.

"అడ్డు లెయ్యి పిల్లా. ఆగేనంటే మళ్లీ మొదలెట్టలేను. నువ్వెళ్లు."

ఝాన్సీ చేతులు దించుకుని, గట్టు పక్కకు దిగి దారిచ్చింది.