మూడు డబ్బాల దడ

మేస్త్రీ బోర్లా పడుకుని, దవడ గచ్చుకి ఆనించి గోడవారగా పాకుతున్నాడు. పాటలో దరువు మోగించే సబ్‌వూఫర్ డబ్బా మాత్రం సోఫాలో పెళ్లివారి పెద్దమనిషిలా కూర్చుని దబదబ మోగుతోంది. ఆయన పద్ధతే అంత. మనిషి కూర్చునే చోట డబ్బాని పెట్టి, డబ్బా ఉండాల్సిన చోట తను పాకుతాడు. మోత నిండుగా తగిలిన చోట సుద్దగీత గీసి, డబ్బాని అక్కడికి దింపుతాడు. అప్పుడు సోఫాలోనూ అంతే నిండుగా ఉంటుంది.

పళ్ల డాక్టరుగారి హాల్లో ఇదివరకున్న ఒక్క డబ్బా మూలలో అద్దాలు పగిలేలా అరుస్తుంది, సోఫా దగ్గరికొచ్చేసరికి నీరుగారిపోతుంది. ఇంకో రెండు కలిపితే మోత గదంతా సమంగా పరుచుకుంటుందని స్పీకర్ల షాపు ఓనరు మాటిచ్చాడు. ఈసారి కంప్లయింటొస్తే షాపు మెట్లెక్కొద్దని మేస్త్రీకీ చెప్పాడు.

అసలు సంగతి మేస్త్రీ పెళ్లానికి తప్ప ఎవరికీ తెలీదు. ఒకప్పుడు పక్కవీధిలో చీమ తుమ్మితే ఏ చీమో చెప్పేవాడు. ఇప్పుడు నెత్తిన పిడుగు పడ్డా ఎవరో భుజం తట్టారనుకుంటాడు. అందుకే దవడతో, అరచేతుల్తో వింటాడు. పెదాలు చూసి మాట పోల్చుకుంటాడు. వెనకనుంచి ఎవరు పిలుస్తారోనని రోజంతా గుండె పీచుపీచుమంటూనే ఉంటుంది.

కొత్త డబ్బాలు గీతల మీద నిలబెట్టి, వైర్లు బిగించి పాట పెట్టాడు. ఒక్కోదాని మీద చెయ్యి వేసి చూశాడు. మూడూ జ్వరమొచ్చిన దూడల్లా వణుకుతున్నాయి.

“అదిరిపోతోంది డాక్టరుగారూ,” అన్నాడు.

డాక్టరు మొహం పుచ్చుపన్ను చూసినట్టుంది. ఓనరుకి ఫోన్ చెయ్యడానికి బయటికెళ్లాడు.  సోఫాలో ఉన్న డాక్టరుగారి అత్తగారు నోటికి చెయ్యడ్డం పెట్టుకుని దగ్గుతూ, ఉన్న మోత కూడా పోయిందంది.

“అవునమ్మా, బ్రహ్మాండం,” అన్నాడు మేస్త్రీ.

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. తర్వాత మొహం గోడవైపు తిప్పుకుంది.

“నాయనా, నీ చొక్కా కాలుతోంది.”

మేస్త్రీ నవ్వుతూ తలూపాడు.

ఆవిడ దగ్గరికి రమ్మని సైగ చేసింది. ఆయన మణికట్టు పట్టుకుని అరచేతిని సోఫా చేతికి అదిమింది. సోఫా రాయిలా అదురు లేకుండా ఉంది. అప్పుడర్థమైంది మేస్త్రీకి. ఒక కొత్త డబ్బాకి ఎర్రవైరు, నల్లవైరు తారుమారయ్యాయి. మిగతావి గాలిని తోస్తుంటే అది లాగుతోంది. దేనికది బ్రహ్మాండంగా వణుకుతూనే, సోఫా దగ్గర ఒకదాని మోత ఒకటి మింగేస్తున్నాయి. చెవులున్నవాడికి మొదటి దరువుకే తెలిసేది.

వైర్లు మార్చాడు. సోఫా ఊగింది. అత్తగారి కళ్లజోడు ముక్కు చివరికి జారింది. ఆవిడ ఆయనకేసి తిరిగి, నిదానంగా, “ఇప్పుడు నా కట్టుడుపళ్లు కూడా పాడుతున్నాయయ్యా,” అంది. పాట ఆపేసింది.

ఓనరు వచ్చేసరికి మేస్త్రీ అటు తిరిగి స్క్రూలు బిగిస్తున్నాడు. ఓనరు పిలిచాడు. గట్టిగా మళ్లీ పిలిచాడు. పనిలో మునిగిపోయాడు, పని చక్కగా కుదిరింది, కదిలించొద్దని అత్తగారు సర్దబోయింది. ఓనరు ముందుకెళ్లి మేస్త్రీ ఎదుట గొంతుక్కూర్చున్నాడు.

“ఎప్పట్నించి?”

మేస్త్రీ ఆ పెదాలకేసి చూశాడు. “చాన్నాళ్లయింది. పని ఆగలేదు కదా బాబూ.”

“ఇక్కడంటే వెనకేసుకురావడానికి ఈ అమ్మగారుంది. రేపు ఇంకో ఇంట్లో ఎవరుంటారు మేస్త్రీ?”

 మేస్త్రీ మిగిలిన స్క్రూ బిగించాడు. సుద్దగీతలు అరచేత్తో తుడిచాడు. సంచీ భుజాన వేసుకుని, “వస్తానమ్మా,” అన్నాడు. ఆవిడ వెనకనుంచి ఏదో అంది. ఆయన అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

డాక్టరు లోపలికొచ్చి పాట పెట్టాడు. మేస్త్రీకని ఇచ్చిన టీ మూడో డబ్బా మీద అలాగే ఉంది. చల్లారి మీగడ కట్టిన ఆ టీ, దరువు పడినప్పుడల్లా సన్నగా ముడతలు పడుతోంది.