గుమ్మం వైపు వెలుగు

ఇత్తడి మీద గీత పడిందంటే పడినట్టే. ఈ మాట సూరయ్య తన మేనకోడలు ఈశ్వరికి రెండేళ్ళలో వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. ఆవిడ వెయ్యిసార్లూ తలూపింది. తలూపడానికేం పోయింది, గంగిరెద్దూ ఊపుతుంది!

అలాగని ఈశ్వరి చేతకానిదేం కాదు. ఆమదాలవలసలో జాకెట్ల మీద మగ్గం వర్కు చేసి పేరు తెచ్చుకున్న మనిషి. కంప్యూటర్ మిషన్లు వచ్చి ఆ పని తగ్గిపోయాక మేనమామ దగ్గరకొచ్చి, "నాకు సెక్కుడు పని నేర్పు మావా" అని కూర్చుంది. సూరయ్యకి డెబ్బై దాటాయి. బిందెల మీద పేర్లు, పేర్ల చుట్టూ తీగలు చెక్కడంలో ఆ చుట్టుపక్కల ఆయన తర్వాతే ఎవరైనా.

"దారమైతే తప్పొస్తే ఊడదీస్తావు. ఇత్తడిని ఏటి ఊడదీస్తావే?" అన్నాడాయన మొదటిరోజే.

ఆరు నెలలు పనికిరాని రేకుముక్కల మీద ఒట్టి కాడలే గీయించాడు. ఒక్క ఆకు వెయ్యనిస్తే ఒట్టు. "తీగకి ముందు నడక రావాల. ఆకులు తరవాత" అనేవాడు. ఈశ్వరి గీసిన కాడ వంపు దగ్గర మోచెయ్యిలా విరిగేది. కొమ్మ కాడలోంచి పుట్టినట్టు ఉండక, తెచ్చి అతికించినట్టు ఉండేది. విసుగొచ్చి ఉలి పడేసి ఇంటికి పోయిన రోజులున్నాయి. మర్నాడు మళ్ళీ తనే వచ్చేది.

రెండో ఏడు నీడ పెట్టడం మొదలైంది. ఆకు మడతలో సన్నగీతలు దగ్గరదగ్గరగా మొదలుపెట్టి, పోనుపోను ఉలి తేలిక చేసి, వెంట్రుకలా సన్నబరిచి వదిలెయ్యాలి. అలా చేస్తేనే రేకు మీద ఆకు లేచి నిలబడుతుంది. ఈశ్వరికి చేతిబరువు ఎక్కువ.

"ఆకుకి మసి పూసీసినావేటే!" అని సూరయ్య నవ్వేవాడు. "ఇదిగో, ఇలా సూడు. వెలుగు గుమ్మం కాడినుంచి వస్తాది. గుమ్మం వైపు తెల్లగ ఒగ్గీ, గీత పెట్టకు. లోపలేపు నీడ పెట్టు."

ఇద్దరికీ ఆ గుమ్మం వెలుగే ఆధారం. ఆయన తన పీట మీద, ఆవిడ ఆయనకి ఎదురుగా. ఇద్దరికీ చెరొక ఇసుక మూట, దాని మీద పని. గీయడం అయ్యాక ఈశ్వరి రేకు ఉన్నదున్నట్టు ముందుకు తోసేది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి, "పరవాలేదు" అనేవాడు. రెండేళ్ళలో ఆయన నోట వచ్చిన పెద్ద బిరుదు అదే.

ఇక ఆ బిందె సంగతి. భార్య గురమ్మ పోయినప్పుడు, ఆవిడ పేరున శ్రీముఖలింగం గుడికి బిందె ఇస్తానని సూరయ్య మొక్కుకున్నాడు. స్వామికి వంశధార నీళ్ళు తెచ్చేందుకు. ఈ కార్తీకంలో పట్టుకున్నాడు పని. బిందె కడుపు చుట్టూ తీగ మొత్తం చెక్కాడు, ముందువైపు గురమ్మ పేరు చెక్కాడు, పేరున్న సగానికి నీడ పెట్టాడు. అక్కడికొచ్చేసరికి చెయ్యి వణకడం మొదలైంది. ఒకసారి ఉలి జారింది. ఆయన ఉలి కిందపెట్టి, తన చేతిని పరాయివాడి చేతిని చూసినట్టు చూసుకున్నాడు.

కొడుకు త్రినాథ్ ఆయన్ని డాక్టరు పరీక్షలకని విశాఖపట్నం తీసుకెళ్ళాడు. నాలుగు రోజులు పని. బయల్దేరుతూ సూరయ్య, "మిగిలిన నీడ నువ్వే పెడుదువుగానే. కానీ నానొచ్చినాక. నా పక్కన కూకుని పెట్టు" అన్నాడు.

'నువ్వే పెడుదువుగాని' అన్నదే ఈశ్వరికి వినపడింది. తర్వాతి మాటలు గాలికి పోయాయి.

రెండు రోజులు ఆగింది. మూడోరోజు పొద్దున్నే మావ పనిగది తాళం తీసింది. మావకి సాయం చేద్దామని అనుకున్నానని తర్వాత అందరికీ చెప్పింది కానీ, అది సగం నిజం. ఆయన అలసిపోయి వచ్చి బిందె చూసి, 'పరవాలేదు' కంటే ఒక్క మెట్టు పెద్దమాట అనాలని ఆశ. ఆశపడితే తప్పేముంది? ఆగకపోవడమే తప్పు.

తన చోటులోనే కూర్చుంది. ఆ రోజు చెయ్యి చెప్పినమాట విన్నది. గీతలు ఎక్కడ సన్నబడాలో అక్కడ సన్నబడ్డాయి. మధ్యాహ్నానికి పని అయిపోయింది. చింతపండుతో తోమి, కడిగి, పీట మీద నిలబెట్టి, మురిసిపోతూ ఒక్కసారి తిప్పి చూసింది.

తిప్పిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

మావ నీడ పెట్టిన ఆకులకి ఎడమనుంచి వెలుగు. తను నీడ పెట్టిన ఆకులకి కుడినుంచి. ఒక్క బిందెకి ఇద్దరు సూర్యుళ్ళు! గుమ్మం ఆయనకి ఎడమచేతివైపు. ఎదురుగా కూర్చున్న తనకి కుడిచేతివైపు. రెండేళ్ళు రేకుముక్కలు అటు తోసేసరికి తిరగబడి సరిపోయేవి. రేకు మీది తీగని ఎటు తిప్పినా తీగే. బిందెకి మూతి ఉంది, అడుగుంది, తిరగేసి నిలబెట్టలేరు. "అయ్యో, అయ్యో మావా" అని ఈశ్వరి గోడకి జారగిలబడి కూర్చుంది.

మర్నాటి సాయంత్రం సూరయ్య వచ్చాడు. చెప్పులు విడవకుండానే బిందె ఒళ్ళో పెట్టుకుని మెల్లగా తిప్పాడు. రెండు నీడలూ కలిసే చోట ఆగాడు.

"ఎక్కడ కూకున్నావే?"

"నా సోటే మావా."

ఆయన తన పీట చూశాడు, ఆవిడ పీట చూశాడు, గుమ్మం చూశాడు.

"అయితే తప్పు నాదేనే. పక్కన కూకోబెట్టి నేర్పాలిసింది. ఎదర కూకోబెట్టినాను."

"నువ్వాగమన్నావు మావా, నానే ఆగలేదు" అని ఈశ్వరి బావురుమంది. "గీకీలేమా?"

"గీకితే పలచనైపోయి సిల్లు పడతాది. ఏడవకు. గీత బాగుందే. నాకంటే సన్నంగ తీసినావు."

ఇన్నాళ్ళు కోరుకున్న మాట. తిట్టినా బాగుండేదనిపించింది.

ఆ సోమవారమే బిందె గుడికి ఇచ్చేశారు. సూరయ్య మళ్ళీ ఉలి పట్టలేదు, పట్టలేడని డాక్టర్లు తేల్చేశారు. అదే ఆయన ఆఖరి పని. ఇప్పుడు ఈశ్వరి పీట ఆయన పక్కనే. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని చెబుతాడు, ఆవిడ చెక్కుతుంది. వెలుగు ఎడమనుంచే వస్తుంది. ఎంత చక్కగా వస్తే అంత గుండె కలుక్కుమంటుంది.

సోమవారాలు ఆవిడ శ్రీముఖలింగం వెళ్తుంది. మండపంలో రాతి అరుగు మీద ఆ బిందె ఉంటుంది. తను నీడ పెట్టిన సగం జనంవైపు, అత్త పేరు గోడవైపు. ఎవరూ చూడకుండా బిందె తిప్పి, పేరు ఇటు పెట్టి వస్తుంది. మళ్ళీ సోమవారం వెళ్తే మామూలే, పేరు గోడవైపే. ఊడ్చే ఆవిడ పనే అనుకుని లోపల్లోపల తిట్టుకుంది కూడా. నాలుగోవారం ఉండబట్టలేక పూజారిని అడిగేసింది.

"ఊడ్చే ఆవిడకేం పని తల్లీ! మీ మావగారే. ప్రతి ఆదివారం బస్సులో వస్తారు. ఆ వణికే చేతులతోనే తిప్పుకుంటారు, నన్ను ముట్టుకోనివ్వరు. పేరు ముందుకి ఉండాలి కదండీ అంటే, 'గురమ్మేటీ అనుకోదు బాబూ. నా మేనకోడలు పెట్టిన నీడ జనం సూడాల' అంటారు."

ఈశ్వరి బిందె మీద వేసిన చెయ్యి తీసేసింది. నాలుగు రోజులు. మావ వచ్చేదాకా నాలుగంటే నాలుగు రోజులు ఆగలేకపోయాను కదా అని ఆ అరుగు పక్కనే కూలబడి ఏడ్చింది. ఆ వారం బిందె తిప్పకుండానే ఇంటికి వచ్చింది.